ఇరవై ఎనిమిదో నాటి నీళ్లు

"సుత్తె దించు బాపూ!"

సింధుజ అరుపుకు రాజమల్లయ్య చేయి గాలిలో ఆగింది. కుకునూరుపల్లి శివారున, ఆయన బర్రెల కొట్టం పక్కన, కూతురు ఇంజనీరై కట్టించిన మొదటి కట్టడమది: పేడనీళ్లు పడే కాంక్రీటు తొట్టి. ఆ ఉదయం సెంట్రింగ్ చెక్కలు విప్పితే గోడల నిండా నీలిపచ్చని మచ్చలు.

"బూజు పట్టింది బిడ్డా. ఇనుప చిట్టెం కలిపితే గిట్లనే అయితది. పలగ్గొట్టి మళ్ల కట్టిస్త."

సిద్దిపేటలోని కాంక్రీటు పరీక్షల ల్యాబ్ నుంచి పరుగున వచ్చిన శైలేందర్‌ను సింధుజ కళ్లతోనే నిలదీసింది. సగం సిమెంటుకు బదులు ఇనుము కరిగించిన కొలిమిలో మిగిలే చిట్టెం పొడి కలపమన్నది అతడే.

"మీ మాట నమ్మిన. నా మొదటి పని మీదికి సుత్తె లేసింది."

ఆమె కోపం కూడా ఆ సిగ్గరికి వానకు ముందటి గాలిలా చల్లగా తగిలింది.

"బూజు కాదు మేడం. చిట్టెం రంగే అది. గాలి తగిలితే తనంతట తానే పోతది. సార్, పాత తొట్టిని పేడనీళ్లు మూడేండ్లల్ల తిన్నయి గదా? దీన్ని అంత తొందరగ తినలేవు. కాకపోతే మెల్లగ గట్టిపడ్తది. ఇరవై ఎనిమిది రోజులు ఆగున్రి. పరీక్ష తప్పితే నేనే పలగ్గొడ్త."

"అందాక గోడ ఆరకుంట నీళ్లెవరు కొడ్తరు?" అడిగాడు రాజమల్లయ్య.

"నేనే!" అని, శైలేందర్ తానే ఉలిక్కిపడ్డాడు.

అన్న మాట తప్పలేదు. ప్రతి ఉదయం బండి మీద వచ్చి, గోడకు కప్పిన గోనెసంచులు తడిపాడు. మచ్చలు ఒక్కొక్కటే వెలిసిపోయాయి. కొలిమి వద్దని పారేసిన చిట్టెం, అలుక లేక, ఆర్భాటం లేక, లోలోపలే రాయి అవుతోంది. దాని ఓపికను అతడు మెచ్చుకుంటుంటే, అతడి ఓపికను సింధుజ మెచ్చుకుంటోంది.

"ఈ మేడం అనుడు ఎన్ని రోజులకు పోతది?"

"అది గూడ... మెల్లగనే, మేడం."

ఇరవై ఎనిమిదో నాడు అతడు తెచ్చిన పరీక్ష కాగితంలో కాంక్రీటు బలం అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంది. రాజమల్లయ్య అదే సుత్తెతో గోడను తట్టాడు. ఖంగుమంది.

"శభాష్!" అన్నాడు. అంతలో శైలేందర్ చేతిలోని బకెట్ కంటబడింది. "బిడ్డా, దీనికి ఎన్ని రోజులు నీళ్లు కొట్టాలె?"

"పద్నాలుగు చాలు."

"మరి ఈ పిలగానికి ఎరుక లేదా?"

"ఎరుకే బాపూ." సింధుజ తల వంచింది. "నాకు గూడ ఎరుకే."

శైలేందర్ ఒకడుగు ముందుకు వేశాడు. "సార్, మొదటి పద్నాలుగు రోజులు తొట్టి కోసం వచ్చిన. మిగిలిన పద్నాలుగు..." అని ఆమె వైపు చూశాడు.

రాజమల్లయ్య మీసాల చాటున నవ్వు దాచుకున్నాడు. "ఐతారం మీ అవ్వను, బాపును తోల్కరా. ముందుగాల బకెట్ కింద పెట్టు, తొట్టి ఎప్పుడో గట్టిపడ్డది."

"మరి రేపు రావాల్నా?" అని నసిగాడు శైలేందర్.

"రేపు బర్రెలకు నీళ్లు పెట్టాలె," అంది సింధుజ. "జల్ది రాండ్రి."

"వస్త... సింధుజా."

ఆ గోడ మచ్చల్లాగే, మేడం అన్న మాట కూడా గాలి తగిలి వెలిసిపోయింది.