పుల్లల గ్లాసు

మొదటి బంతి సగం తినేసరికి మూడు పళ్ళాల అంచున కరివేపాకు రెబ్బలు రెండేసి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి ఉన్నాయి. ఓదక్క చూసింది. చూసి, చారు బకెట్టు మరో చేతికి మార్చుకుంది. కరివేపాకు అందరూ తీసి పక్కన పెట్టేదే. అడ్డంగా పెట్టారంటే మాత్రం దానికి అర్థం ఒకటే: అక్కా, ఈ పూట నా పుల్ల నువ్వు నమలాలి.

నల్లబండ భోజనశాలలో తిని చెయ్యి కడుక్కుంటే పని అయిపోదు. పళ్ళెం ఖాళీ కాగానే బల్లలో ఉన్న రంధ్రం నుంచి చదువుపుల్ల పైకి లేస్తుంది. అగ్గిపుల్లంత పొడవు, కొసన నీలం మందు. దాన్ని పళ్ళ సందుల్లో తిప్పి, పక్కనే ఉన్న నోటిపెట్టెలో వెయ్యాలి. పెట్టె ఉమ్మిని చదువుతుంది. ఊపిరితిత్తుల్లో దుమ్మెంత, ఒంట్లో చక్కెరెంత, జ్వరముందా, నిన్న తాగాడా, అంతా చెబుతుంది. బంతిలో ముప్పై పుల్లలూ పడి, ముప్పై దీపాలూ పచ్చగా వెలిగితేనే తలుపు తెరుచుకుంటుంది. ఒకప్పుడు మర్యాదకు పెట్టిన పుల్లను తెచ్చి మనిషి మెడకు తాడు చేశారు.

వద్దనుకుని ఇంట్లో వండుకుందామంటే పొయ్యి లేదు. బొగ్గు తవ్వేసిన గుంతల మీద కంపెనీ ఎండపలకలు పరిచి పలకల తోట అని పేరు పెట్టింది. ఆ పలకలు కడిగేవాళ్ళ గదుల్లో నిప్పు నిషేధం. తింటే ఇక్కడ తినాలి, లేదంటే పస్తు. పలకల మీద లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందని పుల్ల చెప్పిందా, ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో గది, గదితో కంచం. దుమ్ము పెట్టిందెవరో మాత్రం ఏ పుల్లా చదవదు.

పుల్ల రోగాన్ని చూడొచ్చు గాని మనిషి ఎవరో చూడకూడదని ఎప్పుడో కొందరు కోర్టుకెక్కి సాధించారు. అందుకని కూర్చునేటప్పుడు చూపిన బిళ్ళను బట్టి పేరు బల్ల చెబుతుంది, రోగం పుల్ల చెబుతుంది. ఆ రెంటి నడుమ మిగిలిన సందులోనే ఓదక్క మూడేళ్ళుగా మనుషుల్ని బతికిస్తోంది. పళ్ళాలు ఎత్తే వంకతో పుల్ల తీసుకుని, వాటిని తోసుకెళ్ళే బండి చాటున వంగి, తన నోట్లో తిప్పి పెట్టెలో వేస్తుంది. తోటలో ఏనాడూ అడుగు పెట్టని మనిషి, ఊపిరి శుభ్రం. దీపం పచ్చగా వెలుగుతుంది. పూటకు నాలుగు బంతులు, బంతికి ముగ్గురో నలుగురో. పుల్లలొచ్చే అట్టపెట్టె మీద 'ఒక నోటికి రోజుకు రెండు మించరాదు' అని రాసి ఉంటుంది. ఓదక్క అది చదివింది. చదివి, ఆ అట్టతోనే విసురుకుంది.

రెండు నెలలుగా నాలుక కింద పుండు. కారం తగిలితే కళ్ళ వెంట నీళ్ళు. వంటశాలలో నిలబడి మజ్జిగన్నం మింగుతోంది, ఎవరికీ చెప్పలేదు. వడ్డించేవాళ్ళకు పుల్ల లేదు. పుల్ల కస్టమరుకే.

ముసలి మొండయ్య పుల్ల మొదట నమిలింది. తర్వాత రాజలింగుది, ఆపైన సరూపది. సరూపకు పాతికేళ్ళు కూడా ఉండవు, అప్పుడే మెట్లెక్కితే రొప్పుతుంది. మూడు పుల్లలూ పెట్టెల్లో పడ్డాయి.

మూడు దీపాలూ ఎర్రబడ్డాయి.

తలుపులో గడియ పడిన చప్పుడు అందరికీ వినిపించింది. బల్లగొంతు మెత్తగా చెప్పింది: "మూడవ బల్ల, రెండవ పీట. నోటిలో రాచపుండు అనుమానం. ఐదవ బల్ల, ఒకటవ పీట. నోటిలో రాచపుండు అనుమానం. ఐదవ బల్ల, నాలుగవ పీట..."

"ఏందిది? రాచపుండు కూడ చదువుతదా?" అన్నాడు రాజలింగు. పొడుగ్గా, ఎప్పుడూ నవ్వించే మనిషి. ఇప్పుడు నవ్వలేదు.

అద్దాల గదిలోంచి మేనేజరు పురుషోత్తం మైకందుకున్నాడు. "ఈ పొద్దున్నే పెట్టెలకు కొత్త చదువు ఎక్కించారు. మీ మంచికే. ఎవరూ కంగారు పడొద్దు."

బల్లగొంతు ఆగలేదు. "ఒకే బంతిలో మూడు ఒకే విధమైన పుండ్లు. ఆహారంలో విషం ఉండవచ్చు. మూలం తేలేవరకు తలుపు తెరవబడదు. ఆరోగ్యబండి వచ్చి ముగ్గురి నోళ్ళను తిరిగి పరీక్షిస్తుంది."

"విషమా?" కొమురెల్లి అనే కుర్ర ఫోర్‌మన్ పళ్ళెం అవతలికి నెట్టాడు. "ఏం పెట్టినవే ఓదక్కా మాకు?"

ఓదక్క నాలుక కొసతో పుండును తడిమి చూసుకుంది. మూడు దీపాలు. మూడూ తనవే. తన రోగం తనకు తెలియడానికి ముగ్గురి పేర్లు కావలసి వచ్చాయి.

ఓదక్క మొండయ్య బల్ల తుడుస్తున్నట్టు వంగింది. "పెదనాయినా, ఆ పుండు మీది కాదు. నాది."

మొండయ్య ఆమె ముఖంలోకి చూశాడు. నోట్లో ఒక్క పన్ను లేదు ఆయనకు. పండ్లు లేనోనికి పుల్లెందుకురా అని రోజూ బల్లను తిడుతూనే ఉంటాడు. ఇప్పుడు గొంతు దించాడు. "ఎన్ని దినాల సంది?"

"రెండు నెలలు."

"మాకెందుకు చెప్పలే?"

"చెప్తే మీరు ఆకులు అడ్డం పెడ్తరా?"

సరూప విన్నది. గుడ్ల నీళ్ళు కుక్కుకుంది. "అక్కా, బండోళ్ళు మళ్ళ మా నోళ్ళు చూస్తరట. దుమ్ము బయటపడ్తది. మేం పోయినట్టే."

"ఆగు బిడ్డా." ఓదక్క నిటారుగా నిలబడి అద్దాల గది వైపు కేకేసింది. "సార్! మూలం దొరికితే ఏమైతది?"

"దొరికితే ఆ ముగ్గురి చదువూ రద్దవుతుంది. రూలు అదే. నీకెందుకమ్మా?"

"మూలం నేనే. నా నోట్లె పుండున్నది. నన్ను చూడమను."

పురుషోత్తం తెర మీద వేళ్ళు ఆడించాడు. ముఖం చిట్లించాడు. "నీకు పీట లేదు కదమ్మా. పీట లేకపోతే పుల్ల లేవదు. పుల్ల లేకపోతే పెట్టె చదవదు. నువ్వు వడ్డించే మనిషివి."

"పద్నాలుగేండ్ల సంది వీళ్ళ కంచాలు కడుగుతున్న. నాకు నోరు లేదా?"

"నేనేం చెయ్యను? రూల్లో లేదు."

బయట తోట సైరన్ ఒకసారి మోగింది. ఇంకో పావుగంటలో రెండోసారి మోగుతుంది. ఆ లోపల పలకల దగ్గర లేనివాడికి ఆ పూట హాజరుండదు. ముప్పై మంది అటూ ఇటూ కదిలారు. కిటికీలు లేని హాలు, చారు వాసన, గడియ పడిన ఇనుప తలుపు. పంజరంలో కోళ్ళ మాదిరి ఒకరినొకరు తోసుకున్నారు.

మొండయ్య చొక్కా జేబులోంచి గుండ్రటి రేకుబిళ్ళ తీశాడు. అతిథిబిళ్ళ. ఎవరైనా చుట్టమొస్తే ఒక్క భోజనం పెట్టుకొమ్మని ప్రతి పనివాడికీ కంపెనీ ఇచ్చేది ఒకటే.

"ఆరేండ్ల సంది దాచిన. ఎవ్వడు రాలే. ఇగో, దా. కూసో."

"పెదనాయినా, అది మీ చుట్టాలకు..."

"మరి నువ్వెవ్వలే? మూడేండ్లు నా ఉమ్మి నువ్వు మోసినవు. గింతకన్న చుట్టమున్నదా? కూసో అంటున్న."

బల్ల బిళ్ళను మింగింది. "స్వాగతం. అతిథి పేరు?"

"ఓదక్క," అంది ఓదక్క. ఆ హాలులో తన పేరు ఒక యంత్రం అడగడం అదే మొదలు.

పుల్ల లేవాలంటే పళ్ళెం ఖాళీ కావాలి. పళ్ళెం బరువు బల్లకు తెలుస్తుంది. సరూప పరుగున వెళ్ళి అన్నం, గోంగూర పప్పు, మిరపకాయ పచ్చడి, చారు తెచ్చి వడ్డించింది. కొలతంటే కొలతే, ఒక్క మెతుకు తగ్గినా బల్ల ఒప్పుకోదు. ఓదక్క ముద్ద కలిపింది. మొదటి ముద్దకే నాలుక కింద నిప్పు పెట్టినట్టయింది. రెండో ముద్దకు చెవుల దాకా పాకింది. పచ్చడి దగ్గరికొచ్చేసరికి ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుంది. కళ్ళ నుంచి, ముక్కు నుంచి నీళ్ళు. నమలలేక మింగింది. ముప్పై మందీ చూస్తున్నారు. కూర్చుని తినడం ఎంత హాయో అనుకుంటూ పద్నాలుగేళ్ళు వడ్డించింది. కూర్చుంది. హాయి లేదు.

రాజలింగు ఊరుకోలేక అన్నాడు: "వంట ఎవరు చేసిన్రో గని, కారం జర ఎక్కువైనట్టున్నదక్కా."

ఓదక్క ఏడుస్తూనే నవ్వింది. "నేనే చేసిన్రా సన్నాసి."

పళ్ళెం నాకినట్టు ఊడ్చింది. పుల్ల లేచింది. తన పుల్ల. నోట్లో తిప్పి పెట్టెలో వేసింది. ఎర్ర దీపం.

"మూలం లభించింది. అతిథి. మూడు చదువులు రద్దు." ముప్పై మందీ ఊపిరి పీల్చుకున్నారు. సరూప ఆమె భుజం పట్టుకుంది. అప్పుడు బల్లగొంతు మిగతా సగం చెప్పింది: "నాలుగు పుండ్లూ ఒకటే. అతిథి ఉమ్మి ఇతరుల పుల్లలపై చేరినట్టు తెలియుచున్నది. కనుక బంతి మొత్తానికి కొత్త చదువు. దయచేసి పుల్ల పెట్టండి."

బల్లలన్నిటి మీదా ఒక్కసారిగా ముప్పై పుల్లలు లేచాయి.

"రద్దు అన్నవు గద సార్!" అరిచింది ఓదక్క.

"రద్దంటే మళ్ళీ చదవడమే," అన్నాడు పురుషోత్తం.

ఇప్పుడు ఆమె నోరు ఎవరికీ అక్కరకు రాదు. నమిలితే ఎరుపు, నమలకపోతే దుమ్ము. సరూప తన ముందు లేచిన నీలం కొసను పాము పడగను చూసినట్టు చూస్తోంది.

బయట ఆరోగ్యబండి ఆగింది. తలుపులో ఉన్న చిన్న అద్దం వెనుక తెల్లచొక్కా మనిషి కనిపించాడు. "మూలం ఎవరు? బిళ్ళ నెంబరు చెప్పండి."

"అతిథి," అన్నాడు మేనేజరు.

"అతిథికి చదువు వరకే, వైద్యం లేదు. పేరు రాసుకుని గేటు బయట వదిలేస్తాం. మీవాళ్ళ చదువులు అయ్యాక తలుపు తీస్తాను."

"ఆమెకు రాచపుండు అని మీ పెట్టెనే చెప్పింది గదయ్యా!" అన్నాడు మొండయ్య.

"చెప్పడం పెట్టె పని. నా పని కాదు."

ఓదక్క లేచి నిలబడింది. ఏం చెయ్యాలో తెలియక, అలవాటుకొద్దీ, ఎదురుగా ఉన్న పళ్ళెం ఎత్తబోయింది.

"కూసో," అన్నాడు మొండయ్య.

ఆయన మంచినీళ్ళ స్టీలు గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద బోర్లించి దులిపాడు. తన పుల్ల పీకి అందులో వేశాడు. టింగుమంది.

"మా తాత చెప్పేటోడు. ఎనకట హోటల్ల గల్లపెట్టె పక్కన గ్లాసుండేదట, గ్లాసుల పుల్లలుండేటియట. కావాలన్నోడు తీసుకునేది, వద్దన్నోడు సోంపు నోట్లేసుకోని పోయేది. అన్నం పెట్టేదే హోటలు. మా పండ్ల సందుల ఏమున్నదో దానికెందుకురా? నేను పెట్టెల వెయ్య. తలుపు తియ్యకుంటె తియ్యకపాయె."

సరూప పుల్ల టింగుమంది. రాజలింగుది పడింది. గ్లాసు బల్ల నుంచి బల్లకు నడిచింది. కొందరు వెంటనే వేశారు. కొందరు సైరన్ వైపు చెవి పెట్టి, తల గోక్కుని, ఆఖరికి వేశారు. గ్లాసు కొమురెల్లి దగ్గర ఆగింది.

"నా నోరు మంచిగనే ఉన్నది. దీపం పచ్చగనే ఎలుగుతది. నేనెందుకు ఆగాలె?"

అతను ఓదక్క వైపు చూశాడు. ఇంత సేపటికీ ఆమె నోరు తెరిచి, చేత్తో గాలి విసురుకుంటూనే ఉంది. కొమురెల్లి పుల్ల పీకి చొక్కా జేబులో గుచ్చుకున్నాడు.

"గ్లాసుల గూడ వెయ్య. పెట్టెల గూడ వెయ్య. నాది నా జేబుల ఉంటది."

"ఉంచుకో బిడ్డా," అన్నాడు మొండయ్య. "మేం అడుగుతున్నది గూడ గదే."

అద్దాల గదిలో పురుషోత్తం లేచాడు. ఆ గదికి వేరే తలుపు లేదు. ఆయన బయటికి పోవాలన్నా ఈ ఇనుప తలుపే. "చూడండమ్మా, నేను కూడా లోపలే ఉన్నాను," అన్నాడు మైకందుకోవడం మరిచిపోయి.

"ఉండు సార్," అంది సరూప. "ఆ బండాయనకు చెప్పు. అక్కను ఎక్కించుకుంటనని రాసిస్తె పుల్లల సంగతి మాట్లాడుదం. అందాక మేమూ ఈడనే, నువ్వూ ఈడనే."

రెండో సైరన్ మోగింది. ముప్పై మందిలో ఒక్కరూ లేవలేదు. అద్దం వెనుక తెల్లచొక్కా మనిషి గడియారం చూసుకున్నాడు, ఎవరికో ఫోను చేశాడు.

"సార్ పొద్దటి సంది ఏం తినలే," అని ఓదక్క బల్ల మీది గరిటె అందుకుని మళ్ళీ లేవబోయింది.

రాజలింగు ఆమె చేతిలోంచి గరిటె లాక్కున్నాడు. "నువ్వు అతిథివి. బల్లనే చెప్పింది." పోయి, వంటశాలలోంచి ఉప్పు లేని పలుచటి మజ్జిగ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఓదక్క ఒక గుక్క పట్టి, మింగకుండా పుండు మీద నిలుపుకుంది. చల్లగా ఉంది. దయచేసి పుల్ల పెట్టండి, అని బల్లగొంతు అడుగుతూనే ఉంది.