నడిమి గోడకు నిలబెట్టిన కడాయి

శుక్రవారం తెల్లవారిందంటే స్వర్ణకు కడుపులో మంట మొదలవుతుంది. తక్కిన ఆరు రోజులూ మనిషి బాగానే ఉంటుంది. శుక్రవారం మాత్రం పాలు పొంగినా కోపమే, పొంగకపోయినా కోపమే!

కారణం పైకి చెప్పుకుంటే సిగ్గుచేటు. మొగుడు భీమ్‌రావు దుబాయిలో ఉన్నాడు. వారానికి ఆ ఒక్క రోజే సెలవు. పది గంటలకు అక్కడి నెట్ సెంటర్‌లో కూర్చుని కంప్యూటర్‌లో కనబడతాడు. కనబడేది స్వర్ణ గదిలో కాదు, తోటికోడలు తార గదిలో. తార మంచం మీద కూర్చుని, తార పక్కన ఉండగా, కట్టుకున్నవాడితో "బాగున్నవా, తిన్నవా" అని రెండు ముక్కలు మాట్లాడి లేచి రావాలి. తారేమో కెమెరా ముందుకు వంగి, "బావా, మస్తు సన్నబడ్డవ్, తింటలేవా ఏంది?" అని నవ్వుతుంది. ఆయనా నవ్వుతాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా స్వర్ణకు ఒళ్ళు భగ్గుమంటుంది.

ఆమెకు ల్యాప్‌టాప్ లేక కాదు. నిరుడు కమ్మర్‌పల్లి ఊరి మనిషి ఒకరు దుబాయి నుంచి వస్తుంటే అతని చేత భీమ్‌రావే పంపాడు. ఇంట్లో వైర్‌లెస్ లేకా కాదు. రెండేళ్ళ కింద అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పెద్దవాడి వాటాకు పసుపు ఉడకబెట్టే పెద్ద ఇనుప కడాయి, చిన్నవాడి వాటాకు టెలిఫోను వచ్చాయి. ఆ ఫోను తీగ మీదే మరిది దేవిదాస్ బ్రాడ్‌బ్యాండ్ పెట్టించి, వదినకు పాస్‌వర్డ్ కూడా చెప్పాడు. కానీ ఏం లాభం? స్వర్ణ గదిలో బొమ్మ కనబడిందంటే మాట తెగుతుంది, మాట వినబడిందంటే బొమ్మ బిగుసుకుపోతుంది.

ఈ శుక్రవారం అట్లా అయితే కుదరదు. ఇంకో రెండేళ్ళు ఉంటానని కంపెనీ కాగితం మీద భీమ్‌రావు రేపు సంతకం పెట్టాలి. వద్దు, వచ్చెయ్యి అని చెప్పడానికి స్వర్ణ నెల రోజులుగా కొట్టుకులాడుతోంది. సెల్‌ఫోన్‌లో చెబుదామంటే ఎనిమిది మంది ఉండే గదిలోంచి "సరే, సరే" అని పెట్టేస్తాడు. తార ముందర చెబుదామంటే నోరు రాదు. మొగుణ్ణి రమ్మని బతిమాలుకోవడం ఇంకొకరి ముందర చేసే పనా?

తొమ్మిదిన్నరకు తన గదిలో ల్యాప్‌టాప్ తెరిచింది. ఐదు సిగ్నల్ గీతల్లో ఒకటి వెలిగి, అదీ ఆరిపోయింది. గోడ అవతల నుంచి నాలుగేళ్ళ కూతురు చిన్ను కేరింతలు వినబడ్డాయి. పొద్దున్నే వెళ్ళి తార ఒళ్ళో చేరింది ఆ పిల్ల. ఇక ఆగలేకపోయింది స్వర్ణ.

"ఏం తారా, ఇంకెన్ని దినాలు గీ ఆట?" అంది తార గది గడపలో నిలబడి.

"ఏం ఆట అక్కా?"

"నాకేం ఎరుకలేదనుకుంటున్నవా? సదువుకున్నదానివి, కంప్యూటర్ సెంటర్ల పాఠాలు జెప్తవ్. నా దిక్కు సిగ్నల్ రాకుండ బంద్ పెడ్తున్నవ్. నా మొగుని ముఖం జూడాలంటే నీ మంచం కాడికి రావాలె! నీ మొగుడు ఇంట్లనే ఉండె. నా మొగునితోని గూడ నీకే నవ్వులు గావాల్నా?"

తార ముఖం తెల్లబోయింది. పెరట్లో పసుపు కొమ్ములు ఏరుతున్న అత్త లింగవ్వ, "ఓ పెద్దదానా, నోటికి హద్దుండాలె!" అని అరిచింది.

తార చిన్నుని కిందికి దించి, స్వర్ణ ల్యాప్‌టాప్ చేతిలోకి తీసుకుంది.

"గీ గీతలు జూసుకుంట నా ఎంబడి నడువు అక్కా."

తార బల్ల దగ్గర ఐదు గీతలు. నడిమి గడపలో నాలుగు. స్వర్ణ గదిలోకి వచ్చి, నడిమి గోడకు నిలువుగా ఆనించిన పసుపు కడాయి ముందుకు రాగానే ఒకటి. మంచం దగ్గర అదీ లేదు.

"సిగ్నల్ మట్టిగోడ దాటి వస్తది. ఇంత ఇనుము దాటి రాదు. మోడెం సరిగ్గ గీ కడాయి ఎన్కనే ఉన్నది, గోడకు గా దిక్కు."

ఆ కడాయిని గదిలోకి తెప్పించింది స్వర్ణే. వాకిట్లో ఉంటే మరిదివాళ్ళు అడగకుండా వాడుకుంటారని ఇద్దరు కూలీలను పెట్టి ఈడ్పించి, గోడకు నిలబెట్టించింది. రెండు పంటలుగా మరిది అంకాపూర్ నుంచి అద్దె కడాయి తెచ్చుకుంటున్నాడు.

"ఎరుకుండి ఎందుకు జెప్పలే?"

"కడాయి జరుపు అంటే నీ వాటా మీద కన్నేసిననంటవ్." తార కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అబద్ధమెందుకు, గా భయమొక్కటే గాదు అక్కా. జెప్తే నువ్వు నీ గదిలనే కూసుంటవ్. ఇగ చిన్ను రాదు. తక్కిన దినాలు అది మా గడప దాటంగనే ఎన్కకు పిలుస్తవ్. లగ్గమై ఆరేండ్లాయె. నా మంచం మీద ఒక పిల్ల దుంకేది శుక్రవారం ఒక్కనాడే. నీకున్నది నాకు లేదని నేను గూడ కుళ్ళిన. చిన్ను నా ఒళ్ళ ఉంటే పానం కుదుటపడ్తది, గందుకే నవ్వొస్తది. బావ కోసం గాదు."

ఇన్నాళ్ళూ కుళ్ళుకునేది తనొక్కతే అనుకుంది స్వర్ణ. తనను చూసి ఒకరు కుళ్ళుకోవడానికి తన దగ్గరేముందని! చదువు లేదు, మొగుడు దగ్గర లేడు. ఉన్నది ఒక్క పిల్ల. ఆ పిల్లను కూడా కడాయి లాగే దాచుకుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"పట్టు తారా," అంది కడాయి చెవి అందుకుని.

ఇద్దరూ చెరో చెవి పట్టి, రొప్పుతూ, ఆగుతూ దాన్ని వాకిట్లోకి చేర్చారు. తార మోడెంను బల్ల మీది నుంచి తీసి పైన గూట్లో పెట్టింది. "ఎత్తు మీదుంటే ఇంకింత మంచిగొస్తది" అని, చిన్నుని ఎత్తుకుని, స్వర్ణ గది తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

నాలుగు గీతలు వెలిగాయి. భీమ్‌రావు కనబడ్డాడు.

"ఒక్కదానివే ఉన్నవా?" అన్నాడు ఆశ్చర్యంగా.

"ఒక్కదాన్నే. ఏమయ్యా, సంతకం పెట్టకు. వచ్చెయ్. ఉన్నంతల తిందాం. నువ్వు లేక నాకు మస్తు గుబులైతున్నది."

అతను పలకలేదు, కదలలేదు. బొమ్మ మళ్ళీ బిగుసుకుపోయిందనుకుంది ఆమె. ఇంతలో అతను మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"గీ మాట అంటవనే ఎదురుజూస్తున్న స్వర్ణా. ఎప్పుడు జూసినా బాగున్న, బాగున్న అంటుంటివి. నేను లేకున్నా నడుస్తదేమో అనుకున్న."

స్వర్ణ వెక్కి వెక్కి ఏడ్చింది. దాచుకోలేదు.

ముఖం కడుక్కుని తార గదికి వెళ్ళేసరికి తార చిన్నుకి జడ వేస్తోంది. స్వర్ణను చూడగానే చేతులు ఆపేసింది.

"ఏమన్నడక్కా?"

"వస్తున్నడు."

తార ముఖం వెలిగింది. అంతలోనే అలవాటు కొద్దీ, "పో బిడ్డా, అమ్మొచ్చింది" అని చిన్నుని దించబోయింది.

"ఉండనియ్ తారా," అంది స్వర్ణ. "నేను పిలువనీకి రాలే. ఇంక ఏ దినం పిలువ."

తార పిల్లను గట్టిగా హత్తుకుని ఏడ్చింది.