ఒకరికి చోటు వదిలి

లేవండి పెద్దలారా, లేచి తలుపు తీయండి,
కొవ్వొత్తులు పట్టుకుని వాకిట నిలవండి,
వరుసగా నిలవండి, ఒకరికి చోటు వదలండి,
వస్తున్నది మీ...

నస్తోకి పాట అక్కడిదాకానే వచ్చు. తర్వాతి ముక్క ఎంత తడుముకున్నా దొరకదు. గిన్నెలు తోముతున్నప్పుడో, మేజోడు అల్లుతున్నప్పుడో దానంతటది గొంతులోకి వచ్చేది. అక్కడికి రాగానే ఆగిపోయేది.

చిన్నప్పుడు, ఇప్పుడు సరిహద్దుకి అవతల ఉండిపోయిన కరేలియాలో, నస్తో అవ్వ ఒక్సేన్యా, పోయినవాళ్ళ శవం పక్కన కూర్చుని ముఖం మీద తువ్వాలు కప్పుకుని దాన్ని పాడేది. ఏడుపో పాటో తెలిసేది కాదు. ఊళ్ళో ఎవరు పోయినా, ముందు పోయినవాళ్ళని నిద్ర లేపి, ఇదుగో ఒకరు వస్తున్నారు, కొత్త చోటు, కాస్త దారి చూపించండమ్మా అని చెప్పాలి కదా. ఆ చెప్పడమే ఆ పాట. వచ్చేది ఎవరో చివర్లో చెప్పాలి. పేరు మాత్రం అనకూడదు. ఉయ్యాల ఊపినది, వెన్న చిలికినది అని ఆనవాలు చెప్పాలి. అప్పుడు వాళ్ళు ఆ మనిషిని తీసుకుని తలుపేసుకుంటారు.

యుద్ధం వచ్చి ఊరు ఊరంతా ఆవులతో సహా రైలెక్కి ఇటు వచ్చేసినప్పుడు, అవ్వ రైల్లోనే పోయింది. ఆవిడ కోసం ఆ పాట పాడేవాళ్ళు ఆ పెట్టెలో లేరు. నస్తోకి అప్పటికి సగమే వచ్చు.

ఆ సగాన్ని తీసుకెళ్ళడానికే వచ్చింది, రాక్ బ్యాండులో పాడే మనవరాలు సాయ్మి. బూట్ల మంచు గుమ్మంలో దులుపుకుని, పొయ్యి పక్కన కూర్చుని, అన్నం కూరిన రై రొట్టెలు రెండు చేతులతో తింటూ అడిగింది.

"మా ఆల్బంలో ఆఖరి పాట అదే కావాలి అమ్మమ్మా. ఆర్కెస్ట్రా ఉంటుంది, గిటార్లుంటాయి, మధ్యలో నేనొక్కదాన్నే ఆ పాట అందుకుంటాను."

"ఆ గడ్డంవాళ్ళు కూడా అరుస్తారా అందులో?"

"కొంచెం."

"పోయినసారి విన్నానుగా. పంటినొప్పితో పడుకున్న ఎలుగుబంట్లలా ఉన్నారు. మధ్యలో నువ్వేమో దేవదూతలా. వాళ్ళకి కాస్త వేడి పాలు ఇవ్వకూడదటే?"

సాయ్మి పొలమారేదాకా నవ్వింది. నస్తో నవ్వలేదు. ఎవరూ పోకుండా ఆ పాట పాడకూడదని అవ్వ అనేది. కానీ తను పోతే ఆ సగం కూడా తనతోనే మట్టిలోకి పోతుంది. సాయ్మి గొంతులో అయినా బతుకుతుంది కదా అనుకుంది. నేర్పింది.

"చివరి ముక్క లేదు కదే. అదెలా మరి?"

"అదే బాగుంది అమ్మమ్మా. అక్కడ ఆగిపోతే గుండె ఆగినట్టుంటుంది."

రికార్డింగు సరస్సు ఒడ్డున మూతపడిన పాత బడిలో. చెక్క గోడల హాలు, పక్క గదిలో మిషన్లు. పాటలు కట్టేది, గిటార్ వాయించేది ఓస్మో. సన్నగా పొడుగ్గా, జడ వేసుకున్న కుర్రాడు. నస్తోని కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద దుప్పటి కప్పి, కాఫీ ఇచ్చాడు.

"పొద్దు ఉండగానే కానివ్వు నాయనా," అంది నస్తో.

"దుంగల లారీలు పోనీండి మామ్మగారూ. మైకులో అవే వినిపిస్తున్నాయి."

లారీలు అయ్యేసరికి మధ్యాహ్నం కాఫీ వేళకే చీకటి పడింది. శీతాకాలం అక్కడ అంతే. కిటికీ బయట మంచు ముందు నీలంగా, తర్వాత బూడిదగా మారి, ఆ తర్వాత లేనే లేదు. సరస్సు మీద మంచుగడ్డ బిగుసుకుంటూ ఉండుండి మూలుగుతోంది. గదిలో వేడెక్కిన తీగల వాసన, తడిసిన ఉన్ని వాసన.

సాయ్మి హాల్లో ఒక్కతే నిలబడి పాడింది. దీపం చిన్నది చేసుకుంది. గాజు పలక ఇవతల నస్తో వేళ్ళు దుప్పటి అంచుని పట్టుకున్నాయి. ఆ పిల్ల గొంతు అంత పైకి వెళ్తుందని ఆమెకి తెలీదు. ఆవిరిలా లేచి, దూలాలని తాకి, అక్కడే వేలాడుతోంది.

పాడిందే మళ్ళీ పాడించాడు ఓస్మో. మళ్ళీ. ఆ గొంతులన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒక్క సాయ్మే ఊరంత గుంపు అవుతుందట. దుప్పట్లు దొంతరలు పెట్టినట్టు పెట్టి, సాయ్మిని ఇవతలికి పిలిచి, అన్నీ కలిపి వినిపించాడు.

లేవండి పెద్దలారా...

నస్తో ఒళ్ళు గగుర్పొడిచింది. అంత బాగుంది. చర్చిలో ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి పీల్చినట్టుంది.

ఓస్మో మాత్రం ముఖం చిట్లించాడు. "ఒకటి వెనకబడుతోంది. ఏదో టేకులో ఆలస్యంగా అందుకున్నావే సాయ్మీ."

"నేనా? పోరా, నీ చెవులు కడుక్కో."

"ఉండు, పట్టేస్తా."

ఒక్కొక్క గొంతూ ఆపుతూ వచ్చాడు. మీట కిందికి లాగితే ఒక సాయ్మి పోయేది. ఇంకోటి లాగితే ఇంకో సాయ్మి. గుంపు పలచబడుతోంది. వెనకబడ్డది మాత్రం అలాగే ఉంది. చివరికి ఒక్క మీట మిగిలింది.

"అయితే ఇదే," అని దాన్నీ కిందికి లాగాడు.

పాట ఆగలేదు.

ఓస్మో చెయ్యి మీట మీదే ఉండిపోయింది. అన్నీ కిందే ఉన్నాయి. అన్నీ. అయినా స్పీకర్ పెట్టెల్లోంచి ఒక గొంతు... సన్నగా... తువ్వాలు అడ్డుపెట్టుకుని పాడినట్టు మసకగా... ఒకరికి చోటు వదలండి...

చరణం చివర చిన్న ఎక్కిలి. ఉబ్బసం మనిషి ఊపిరి తీసుకునే ఎక్కిలి.

నస్తోకి ఆ ఎక్కిలి తెలుసు. దాన్ని వింటూనే ఆమె చిన్నప్పుడు నిద్రపోయేది.

"ఓస్మో," సాయ్మి గుసగుసగా అంది. "ఆపు."

"ఆపే ఉంది."

గదిలో తేనెమైనం వాసన వచ్చింది. ఎవరూ కొవ్వొత్తి వెలిగించలేదు.

వస్తున్నది మీ...

ఆ గొంతు అక్కడ ఆగింది. ఆగి, మళ్ళీ మొదటికి వెళ్ళలేదు. ఊరికే ఉంది. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఎవరు వస్తున్నారో చెప్పమని ఎదురుచూసేవాళ్ళు ఊపిరి పీల్చినట్టు.

నస్తోకి అప్పుడు అర్థమైంది. పిలిచింది సాయ్మి. ఆ ఖాళీలో ఇంకెవర్నీ చెప్పకపోతే, పిలిచినదాన్నే తీసుకుపోతారు.

దుప్పటి పక్కన పడేసి లేచింది. తలుపు తోసుకుని హాల్లోకి వెళ్ళింది. మెడకున్న రుమాలు విప్పి ముఖం మీద కప్పుకుంది. పాడింది. మాట దొరకని చోట సొంతంగా కట్టుకుంది.

వస్తున్నది మీ రైలుపెట్టెలో నిద్రపోయిన పిల్ల,
ఇప్పుడు మోకాళ్ళు అరిగిన ముసలిది,
తొందర లేదు తల్లీ, కొవ్వొత్తులు ఆర్పి పడుకోండి,
నడవలేను కదా, నెమ్మదిగా వచ్చి నేనే తడతాను.

ముసలి గొంతు, శ్రుతి ఎక్కడికక్కడ జారిపోతోంది. కానీ పాట ముగిసేసరికి ఆ ఊపిరి లేదు. తేనెమైనం వాసన పోయి, ఆర్పిన వత్తి పొగ వాసన ఒక్క క్షణం ఉండి, అదీ పోయింది.

సాయ్మి వచ్చి ఆమెని కరుచుకుంది. చెంపలు మంచులా ఉన్నాయి.

"ఇది రికార్డు అయిందా నాయనా?" నస్తో గాజు పలకలోంచి అడిగింది.

ఓస్మో తలూపాడు. ముఖంలో నెత్తురు లేదు.

"ఎక్కడ ఆ పాట వినిపించినా, చివర ఈ ముక్క ఉండాలి. లేకపోతే తీసిన తలుపు తీసినట్టే వదిలేసినట్టు. మాట ఇవ్వు సాయ్మీ."

"ఉంటుంది అమ్మమ్మా. ఒట్టు."

ఆ చలికాలమంతా నస్తో సిద్ధంగానే ఉంది. తెల్ల రవిక ఉతికి ఇస్త్రీ చేసి పెట్టెలో పెట్టుకుంది. ఎవరూ రాలేదు. వేసవిలో పళ్ళు ఏరింది, జామ్ చేసింది. భయం కూడా కుండలో పిండిలా అడుక్కి చేరింది.

మళ్ళీ చీకట్లు మొదలయ్యే రోజుల్లో పోస్టులో ఆల్బం వచ్చింది. అట్ట మీద సాయ్మి, ముఖానికి తెల్ల తువ్వాలు. నస్తో కాఫీ పెట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆఖరి పాట పెట్టింది. డ్రమ్స్ ఉరిమాయి. ఎలుగుబంట్లు అరిచి ఊరుకున్నాయి. వయొలిన్లు నీళ్ళలా పైకి లేచాయి. వాటి మీద సాయ్మి ఒక్కతే...

వస్తున్నది మీ...

అక్కడ పాట అయిపోయింది.

నస్తో కాసేపు చూసింది. ఇంకా వస్తుందేమోనని. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం అడుగున, ఒక ఊపిరి.

ఫోను చేసింది. ఓస్మో ఎత్తాడు. హెల్సింకీలో ఉన్నారు, సాయంత్రం మొదటి కచేరీ.

"మామ్మగారూ, కోప్పడకండి. మీ ముక్క చాలా బాగుంది. కానీ అది పెడితే జనం హాయిగా నిద్రపోతారు. తలుపు తీసి వదిలేస్తేనే కదా భయం. సాయ్మి కొయ్యొద్దంది, నేనే కోసేశాను."

"దానికివ్వు ఫోను."

సాయ్మి గొంతు ఆమె విన్నది అదే కడసారి. అటువైపు ఎవరో డ్రమ్ము కొట్టి చూసుకుంటున్నారు.

"అమ్మమ్మా, ఏమిటలా రొప్పుతున్నావు?"

"ఆ పాట పాడకు. ఇవాళ పాడకు తల్లీ. నేను బస్సెక్కి వస్తాను, నేను చివర పాడాక..."

"ఇప్పుడే ఒకసారి పాడి చూసుకున్నాం కదా. హాలు ఎంత బాగా పలికిందో. అన్నట్టు, నీ ఊరివాళ్ళని పిలిచి నాకు చెప్పనే లేదేం? తలుపులింకా తీయనే లేదు, అప్పుడే స్టేజీ ముందు ముసలమ్మలు వరుసగా నిలబడ్డారు. అందరికీ రుమాళ్ళు, చేతుల్లో కొవ్వొత్తులు. మధ్యలో ఒకరికి చోటు వదిలారు. ఆ పక్కనున్న పెద్దావిడ అచ్చం నీలాగే ఉంది అమ్మమ్మా, నన్నే రమ్మని చెయ్యి ఊపుతోంది. ఉండు, ఏం కావాలో కనుక్కుని మళ్ళీ చేస్తాను."