సగం తలకే మందు

ఉదయం ఎనిమిదింటికే వంటగదిలో ఏడో టేకు నడుస్తోంది.

“ఇంకాస్త నీరసంగా చెప్పవే. క్షమాపణ అడుగుతున్నట్టు లేదు, అప్పు వసూలుకొచ్చినట్టుంది,” అన్నాడు అన్నయ్య, ఫోన్ స్టాండు సరిచేస్తూ. చెల్లెలు పేరున్న హీరోయిన్. ఆమె డేట్లు, డబ్బులు, చివరికి క్షమాపణలు కూడా చూసుకునేది అతనే.

“అమ్మ ఫోటో తీసి పేపరుకి అమ్మినవాడికి నేను దణ్ణం పెట్టాలా?”

“నలుగురిలో చెంప పగలగొట్టావు. సాయంత్రంలోగా సారీ చెప్పకపోతే నగల ప్రకటన పోతుంది. అంత ఖరీదైన చెంపదెబ్బ ప్రపంచంలో లేదు తల్లీ!”

“నా ఫోటోనా?”

గుమ్మంలో అమ్మ. తలకి స్కార్ఫ్, చేతిలో ఖాళీ గ్లాసు. మూడు రోజులుగా ఆ పేపరు ఆమె కంట పడకుండా దాచారు.

“వద్దమ్మా...” అన్నాడు కొడుకు. కూతురు తెచ్చి చూపించింది.

చికిత్సతో జుట్టంతా రాలిన తల. మూసుకున్న కళ్లు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

“కిటికీలోంచి తీశాడమ్మా, దొంగవెధవ. పైగా నేను కాదు మేడమ్ అని ఒకటే మొత్తుకోవడం!”

“ఫోటోలో కిటికీ నా వెనక ఉంది కదే. ఇది ఎదురుగా నిలబడి తీసింది.” అమ్మ వేలు ఫోటో మీద ఆగింది. “ఎడమవైపు తల మెరుస్తోంది. కుడివైపు పొడిగా ఉంది. సగమే మందు రాసి ఉంది.”

ఆమె తలకి రోజూ మందు రాసేది కొడుకే. అప్పుడు తప్ప ఆమె స్కార్ఫ్ తియ్యదు, కన్నకూతురి ముందు కూడా.

“మందు కారుతుంది, కళ్లు మూసుకోమన్నావు కదరా,” అంది అమ్మ.

అతను గోడకి జారబడ్డాడు. “సినిమా విడుదలవుతోంది... కాస్త జాలి పుడితే జనం వస్తారన్నారు... తప్పయిపోయిందమ్మా!”

“జాలా? అమ్మ తలని పోస్టరు చేశావా?” అంది చెల్లెలు. “నీ పాపానికి నేను వాణ్ణి కొట్టాను! ఫోన్ ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. ఇదే పెడతా. నిన్ను కూడా లోకమంతా చూడనీ!”

అమ్మ వెళ్లి ఫోన్ ఆపేసింది.

“వాడు తప్పు చేసింది నాకు. నాకే చెప్పుకోనీ. నువ్వు ఆ ఫోటోలబ్బాయి ఇంటికెళ్లి సారీ చెప్పిరా, కెమెరా లేకుండా.”

కుర్చీ లాక్కుని, కూతురి ఎదుటే స్కార్ఫ్ విప్పింది.

“మందు తీసుకురారా. ఇవాళ ఇంకా రాయలేదు.”

అతని వేళ్లు ఆమె తలని తాకాయి. ఈసారి అమ్మ కళ్లు మూసుకోలేదు.