రెండొందల మూడు ముడులు

ఆదివారం పొద్దున్న అర్జునరావు సగం గడ్డం గీసుకుని, మిగతా సగానికి నురగ పట్టించి, అద్దంలోకి చూస్తూ అలాగే కూర్చుండిపోయాడు. పోర్టు ఆఫీసులో పన్నెండేళ్లుగా గుమస్తాగిరీ చేస్తున్న మనిషి. కూడికల్లో తప్పు దొరకనివ్వడని పేరు. అలాంటివాడికి వారం రోజులుగా పది అనే అంకె తప్ప మరేదీ కనపడడం లేదు. ఆ పది మంచిదో చెడ్డదో మాత్రం తేలడం లేదు.

"ఏటండీ, ఆ నురగ ఎండిపోతంది!" అంది చిట్టమ్మ వంటగదిలోంచి. "మా తమ్ముడొచ్చీ టైమయింది. బేగి కానీండి."

తమ్ముడంటే కన్నబాబు. ఈమధ్యే స్కూటరు కొన్నాడు, దానికంటే ముందు బ్రీఫ్‌కేసు కొన్నాడు. జగదాంబ సెంటరు దగ్గర ఓ ఇరుకు గదిలో కూర్చుని కంపెనీల షేర్లు కొనిపెడుతుంటాడు. పంతొమ్మిదివందల ఎనభై ఆరు వేసవి అది. అర్జునరావు ఆఫీసులో టీ తాగేటప్పుడు ఎండల గురించి మానేసి షేర్ల గురించి మాట్లాడుకుంటున్నారు.

అన్నట్టుగానే, నురగ తుడుచుకునేలోపే కన్నబాబు దిగాడు. బ్రీఫ్‌కేసు తెరిచి, రంగుల అట్ట పుస్తకం బావ ఒళ్లో పెట్టాడు. సాగరలక్ష్మి మెరైన్ ఫుడ్స్. రొయ్యలు గడ్డకట్టించి జపానుకి పంపే కంపెనీ.

"మళ్లీ సెప్తాను బావా, ఇనుకో. షేరు ధర ఎనభై. పోయినేడు షేరుకి ఎనిమిది రూపాయల లాభం. అంటే పదేళ్ల లాభం పోసి కొంటన్నావు. మీ నావని తగరపువలస సావుకారు పద్దెనిమిది వేలకి అడుగుతన్నాడు. పోయినేడు నావ మీద ఎంత మిగిలింది?"

"పద్దెనిమిది వందలు."

"అదీ పదేళ్లే! ఇదీ పది, అదీ పది. కాపోతే నావ నీళ్ల మీద తేలతాది, షేరు కాయితం మీద ఉంటాది. కాయితానికి తుపాను లేదు బావా. సావుకారు ఈయాళ నాలుగింటికి భీమిలొత్తాడు. అత్త సేత ఏలిముద్ర ఏయించీ."

అత్తంటే అర్జునరావు తల్లి పోతమ్మ. భీమిలిలో చిన్నకొడుకు ఎల్లాజీతో ఉంటుంది. తండ్రి పోయిన తర్వాత మోటారు నావ ఆవిడ పేరుమీదే ఉంది, ఎల్లాజీ దాన్ని తోలుతున్నాడు. ఆ నావ మీదే ఆ ఇంటి పొయ్యి వెలుగుతుంది. అమ్మేస్తే ఎల్లాజీ ఏం చేస్తాడని అర్జునరావు అడక్కపోలేదు. కంపెనీ బోటు మీద ఉద్యోగం వేయిస్తానని కన్నబాబు గుండెమీద చెయ్యేసుకున్నాడు. ఆ చెయ్యి చూసి అర్జునరావు సగం నమ్మాడు, సగం నమ్మలేదు.

కన్నబాబు ఉప్మా తిని వెళ్లాక, మనసొప్పక పక్క క్వార్టరుకి వెళ్లాడు. అక్కడ కొడుకు దగ్గర ఉంటున్న శ్రీరామ్మూర్తిగారు ఆడిట్‌లో రిటైరైన మనిషి. రంగుల పుస్తకాన్ని ఆయన వెనకనుంచి తెరిచాడు.

"ముందు పేజీలు ఫొటోలకి నాయనా. నిజం చివరి పేజీలో ఉంటుంది. ఇదిగో, పదేళ్ల లాభాల పట్టిక."

ఆయన పెన్సిలు తీసుకుని ఒక్కో ఏడూ చదివాడు. ఓ ఏడు రూపాయి, ఓ ఏడు అర్ధరూపాయి, రెండేళ్లు నష్టం, మరో ఏడు రూపాయిన్నర. చిట్టచివర ఒక్క ఏడు మాత్రం ఎనిమిది.

"పదేళ్లకీ కలిపి పద్నాలుగు రూపాయలు. ఏడాదికి రూపాయి నలభై పైసలు. ఎనభై పెట్టి కొంటే యాభై ఏడేళ్ల లాభం పోసినట్టు."

అర్జునరావు పట్టిక మీదికి వంగాడు. "యాభై ఏడా! కన్నబాబు పదన్నాడండీ!"

"ఉండు. ఇదీ సరికాదు. పదేళ్లనాటి రూపాయీ ఇవాళ్టి రూపాయీ ఒకటేనా? అప్పుడు కిలో బియ్యం ఎంత, ఇప్పుడెంత? పాత లాభాలన్నిటినీ ఇవాళ్టి ధరలకి పెంచుకోవాలి." పెన్సిలు మళ్లీ గీకింది. "మొత్తం పదిహేడయింది. ఏడాదికి రూపాయి డెబ్భై. అంటే నలభై ఏడేళ్లు."

"పాత లాభాలు పెంచితే కంపెనీ మంచిదవాలి గదండీ! మరి మీరు మొహం అలా పెడతారేంటి?"

"మంచిదే అయింది. యాభై ఏడునుంచి నలభై ఏడుకి, అంతమేరకే మంచిదయింది."

"పదీ, యాభై ఏడూ, నలభై ఏడూ. ఇందులో ఏది నిజం సార్?"

"మూడూ నిజమే. పది చూసి కొంటే ఒక్క ఏడాది అదృష్టానికి ధర కట్టినట్టు. మంచి ఏళ్లూ చెడ్డ ఏళ్లూ కలిపి, అన్నిటినీ ఒకే కొలతలోకి తెచ్చి చూస్తే అప్పుడు కంపెనీకి ధర కట్టినట్టు. అలాగని రేపు షేరు పెరగదని నేను చెప్పను. పెరగొచ్చు కూడాను." పెన్సిలు చెవి వెనక దోపుకుని ఆయన అడిగాడు. "అది సరే, మీ నావకి పదేళ్ల లెక్క కట్టావా?"

"నావకి పట్టికెక్కడిదండీ? మా అమ్మకి సంతకమే రాదు!" అని నవ్వేశాడు అర్జునరావు.

వెళ్లేటప్పుడు ఒక చిక్కుతో వెళ్లాడు, వచ్చేటప్పుడు మూడు చిక్కులతో వచ్చాడు. అయినా భీమిలి బస్సెక్కాడు. సావుకారు నాలుగింటికి వస్తాడు, కన్నబాబుకి మాటిచ్చాడు. ఎటూ తేల్చుకోలేని మనిషి ఎవరు గట్టిగా తోస్తే అటే నడుస్తాడు. బస్సు కిటికీ పక్కన సముద్రం మెరుస్తున్నా అతని కళ్లముందు పెన్సిలు గీతలే ఉన్నాయి.

ఎల్లాజీ ఇంటిముందు తాటాకు పందిరి కింద వల బాగుచేస్తున్నాడు. పోతమ్మ చేటలో ఎండు నెత్తళ్లు ఏరుతోంది. పెద్దకొడుకుని చూసి మొహం విప్పారింది.

"వొచ్చినావా నాయినా! సేప పులుసుంది, కూకో."

తినకముందే చెప్పేయాలనుకున్నాడు, తిన్నాక చెప్పలేడని తెలుసు. చెప్పేశాడు. సావుకారు, పద్దెనిమిది వేలు, షేర్లు, కంపెనీ బోటు మీద ఉద్యోగం. ఎల్లాజీ చేతిలో వల కదలడం మానేసింది.

"నావ అమ్మీసి నానేటి సెయ్యాల అన్నియ్యా?"

"సెప్పాను గదరా, ఉజ్జోగం."

"ఒకళ్ల బోటు మీద కూలికెల్లాలా? అయ్య నావ ఉండగా?"

"ఆ నావేటి పెడతంది రా మనకి? పద్దెనిమిది వందలు! ఏడాదంతా తిరిగి మిగిల్చింది అది! ఆఫీసులో నా ప్యూను అంతకన్నా ఎక్కువ దాస్తాడు."

"ఒక్క ఏడు సూసి అంటన్నావు."

"పోయినేడు రొయ్యలు పడలేదా? కంపెనీలన్నీ కోట్లు సంపాదించినాయి. మరి నీకెందుకు మిగల్లేదు? తిన్నావో తాగావో నాకేటి తెలుసు!"

ఆ మాట నోటినుంచి జారాక గాని అది ఎంత పెద్దదో అర్జునరావుకి తెలియలేదు. ఎల్లాజీ అన్న మొహంలోకి ఒకసారి చూసి, తలవంచుకుని, వల కన్నాల్లోకి వేళ్లు పోనిచ్చాడు. తిరిగి తిట్టి ఉంటే అర్జునరావుకి ప్రాణం కాస్త తేలికపడేది.

పోతమ్మ చేట కిందపెట్టి లోపలికి వెళ్లింది. ఆ వెళ్లడంలో కోపం లేదు, తొందరా లేదు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో పాత వలతాడు చుట్ట ఉంది. దాన్ని పెద్దకొడుకు ఒళ్లో పడేసింది.

"సదువుకున్నోడివి గదా. లెక్కెట్టు."

తాడునిండా ముడులు. కొన్ని ముడుల తర్వాత ఓ ఎర్రగుడ్డ పేలిక, మళ్లీ ముడులు, మళ్లీ పేలిక. చిన్నప్పుడు ఈ తాడు గోడకి వేలాడుతుంటే చూశాడు. ఏదో మొక్కుబడి అనుకున్నాడు, ఎప్పుడూ అడగలేదు.

"ఏటమ్మా ఇది?"

"నావ లెక్క. కూలోళ్ల వాటాలు, ఆయిలు, వలలు, మరమ్మత్తులు అన్నీ పోగా మిగిలింది మీ అయ్య నా సేతిలో ఎట్టీవోడు. గంగమ్మ పండగ ముందురోజు ఆ డబ్బుకి ఎన్ని బస్తాల బియ్యం వత్తాయో కొట్లో అడిగి, అన్ని ముడులేసీదాన్ని. పేలిక కట్టిన కాడికి ఏడు అయిపోయినట్టు."

"డబ్బే గుర్తెట్టుకోవచ్చు గదా? బియ్యం ఎందుకు?"

"నీకు పెళ్లయిన కొత్తల్లో బస్తా ఎంత, ఇప్పుడెంత? రూపాయలు గుర్తెట్టుకుంటే నాకేటి తెలుస్తాది రా, ఆ యేడు బాగా తిన్నామో ఈ యేడు బాగా తిన్నామో? బస్తా ఎప్పుడూ బస్తాయే గదా."

అర్జునరావుకి శ్రీరామ్మూర్తిగారి పెన్సిలు గుర్తొచ్చింది. చివరి పది పేలికలు వెనక్కి లెక్కపెట్టుకుని, అక్కణ్నుంచి ముడి ముడీ తడుముతూ వచ్చాడు. పంతొమ్మిది. ఇరవై ఆరు. గాలివానకి వలలు కొట్టుకుపోయిన ఏడు తొమ్మిది. ఇరవై నాలుగు, ఇరవై రెండు, ముప్ఫై ఒకటి, పదిహేడు, ఇరవై అయిదు, ఇరవై నాలుగు. ఆఖర్న ఆరు. రెండొందల మూడు ముడులు.

అంటే ఏడాదికి ఇరవై బస్తాలు. ఇవాళ్టి ధరకి, బస్తా మూడొందల చొప్పున, ఆరువేలు. పద్దెనిమిది వేలంటే మూడేళ్ల రాబడి. పడవ చెక్క పుచ్చిపోతుంది, కంపెనీ పుచ్చదు, ఆ తేడా తీసేసినా సరే, నలభై ఏడెక్కడ, మూడెక్కడ! కంపెనీకేమో దాని బంగారంలాంటి ఏడు చూసి ధర కట్టాడు. ఇంట్లోవాళ్ల నావకేమో దాని దిక్కుమాలిన ఏడు చూసి ధర కట్టాడు. రెండూ పదేనని మురిసిపోయాడు.

"మరి ఈ ఆరేటమ్మా? పోయినేడు రొయ్య పడింది గదా?"

"పడింది. పదేళ్లలో అలగ పడ్లేదు. ఊరంతా పట్టుకున్నారు." పోతమ్మ చేటలోని నెత్తళ్లని ఓ పక్కకి జరిపింది. "మన నావ ఒడ్డునుండిపోనాది. మీ అయ్య పెద్దాసుపత్రిలో ఉన్నాడు గదరా. దీపాలపండగ కాడ్నుంచి మాఘం దాకా. ఆయన్ని ఎత్తి కూకోబెట్టాల, పడుకోబెట్టాల, దొడ్డికి ఎత్తుకెల్లాల. రొయ్య పడతంది ఎల్లరా, నాను సూసుకుంటానని ఎల్లాజీకి సెప్పినాను. ఎల్లనన్నాడు. మీ అయ్య కూడా తిట్టినాడు. అయినా ఎల్లలేదు."

అర్జునరావుకి ఆ వార్డు కళ్లకు కట్టింది. రోజూ ఆఫీసు అయ్యాక బ్రెడ్డూ రెండు కమలాపళ్లూ పట్టుకుని వెళ్లేవాడు. అరగంట కూర్చునేవాడు. ఇంటికొచ్చి, మా అయ్యని బాగా చూసుకుంటున్నాం అనుకునేవాడు. మంచం పక్కన నేలమీద కూర్చున్న తమ్ముడు రోజూ కనిపించాడు. వాడు ఇక్కడుంటే నావ ఎక్కడుంటుందన్న లెక్క, ఈ లెక్కల మనిషికి ఒక్కనాడూ తట్టలేదు.

"ఎల్లాజీ," అన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, తాడు ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఎల్లాజీ వల పక్కనపెట్టి లేచొచ్చాడు. "ఏటన్నియ్యా ఇది, ఊరుకో. నువ్వూ రోజూ వొచ్చీవోడివి గదా."

తిట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు.

నాలుగింటికి సావుకారు గొడుగేసుకుని వచ్చాడు. అర్జునరావే ఎదురెళ్లి, నావ అమ్మడం లేదని చెప్పి, ఎండనపడి వచ్చినందుకు మజ్జిగ ఇప్పించి పంపాడు. ఆ సాయంత్రం చేప పులుసు ముగ్గురూ కలిసి తిన్నారు.

కథ ఇక్కడితో తేటగా అయిపోతే బాగుండేది. నెల తిరక్కుండా సాగరలక్ష్మి షేరు తొంభై ఆరుకి వెళ్లింది. కన్నబాబు వచ్చి, స్కూటరు దిగకుండానే "సూసినావా బావా!" అని కేకేసి పోయాడు. చిట్టమ్మ రెండ్రోజులు ముభావంగా వడ్డించింది. అర్జునరావు మళ్లీ తికమక పడ్డాడు. శ్రీరామ్మూర్తిగారిని అడిగితే, "పెరగొచ్చని చెప్పానుగా," అన్నాడాయన. ఆ తర్వాత అది ఎంత పెరిగిందో, ఎంత పడిందో అర్జునరావు వాకబు చేయడం మానేశాడు.

మరుసటేడు గంగమ్మ పండగ ముందురోజు సెలవు పెట్టి భీమిలి వెళ్లాడు. పోతమ్మ తాడు అతని చేతికే ఇచ్చింది. ఇరవై ఏడు బస్తాలు. ఆఫీసు చేతులకి ఆ ముడి పట్టు చిక్కక జారిపోతుంటే ఎల్లాజీ పక్కన కూర్చుని, అన్న వేళ్లమీద తన వేళ్లు పెట్టి బిగించాడు.

అన్నీ వేశాక అర్జునరావు వెనక్కి వెళ్లి ఆరు ముడుల దగ్గర ఆగాడు.

"అమ్మా, ఈ యేడు లెక్కలోంచి తీసీవే. ఇది నావ తప్పు కాదు, ఎల్లాజీ తప్పూ కాదు. ఇది కలిపితే నావ ఇలువ తగ్గిపోతాది."

"తియ్యను," అంది పోతమ్మ. "అదీ మనం బతికిన ఏడే. అన్నీ కలిపే లెక్కెట్టాల."

అర్జునరావు ఆ ముడుల్ని వేలితో మరోసారి లెక్కపెట్టుకున్నాడు. ఆరే ఉన్నాయి.