నేనున్నాను, నువ్వు దిగు

టైలర్ మనసు మంచిదే. నోరే ఊరుకోదు. జుబ్బా కుట్టించుకోవడానికి వచ్చినవాడికి కూడా, ఫలానా మంత్రిగారి కోటు తన చేతి మీదే తయారైందని చెప్పి పంపిస్తాడు. వీధిలో ఆయన పేరు కోతలరాయుడు.

ఆ రోజు కూతురి అత్తమామలు సరదాగా లైట్‌హౌస్ చూపిస్తామని తమ కారులో తీసుకెళ్తున్నారు. వెనక సీట్లో కూతురు ఆయన చెవి దగ్గరికి వంగింది.

"నాన్నా, ఇవాళ ఒక్కరోజు కోతలు వద్దు. నీకు దణ్ణం పెడతాను."

"నేనేం మాట్లాడతానే? సముద్రం చూసి వచ్చేస్తాను," అన్నాడు. ఆ క్షణాన మనస్ఫూర్తిగానే అన్నాడు.

లైట్‌హౌస్ ముందు ఒకే ఒక్క కారు ఉంది. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. అద్దాల మీద ఉప్పు పేరుకుంది. వియ్యంకుడు దాని పక్కనే బండి ఆపి, ఎవరిదని టిక్కెట్లిచ్చే పెద్దావిడను అడిగాడు.

"చూడ్డానికి వచ్చినాయనదండీ. తాళం పోయిందని ఇంట్లోవాళ్ళతో బస్సెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు," అంది ఆవిడ.

కింది గదే మ్యూజియం. పాత లాంతర్లు, ఇత్తడి దుర్భిణి, గోడ మేకుకి తగిలించిన నల్లటి ఉన్ని కోటు. దీపం ఆపేసి ఎన్నేళ్ళయిందో గానీ, కిరసనాయిలు వాసన మాత్రం గోడల్ని వదల్లేదు. పెద్దావిడ తాపీగా చెప్పుకొచ్చింది. పైన దీపం తిరగాలంటే ఎవరో ఒకరు హ్యాండిల్ తిప్పుతూనే ఉండాలి. అందుకే ఇక్కడో ఆనవాయితీ. డ్యూటీ ఎక్కేవాడు హ్యాండిల్ మీద చెయ్యి వేసి, 'నేనున్నాను, నువ్వు దిగు' అనాలి. ఆ మాట వినేదాకా దిగేవాడు చెయ్యి తియ్యకూడదు.

"చిట్టచివరి కాపరికి ఆ మాట చెప్పేవాడు రాలేదండీ. అప్పట్లో ఇక్కడికి రోడ్డు లేదు, అతను వచ్చే పడవ పొగమంచులో దారి తప్పింది. ఈయన తిప్పుతూ తిప్పుతూ అక్కడే పోయాడు. ఆయన కోటే అది."

"అయ్యో, ఆయనకి వెనకాముందూ ఎవరూ లేరా?" అంది వియ్యపురాలు.

గది నిశ్శబ్దమైపోయింది. అలాంటి నిశ్శబ్దం దొరికితే టైలర్ నాలుక ఎలా ఆగుతుంది?

"ఉన్నాం. ఆయన మా తాతగారే," అన్నాడు.

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు. అసలు తాత కూడా దర్జీయే. చచ్చేదాకా సముద్రమన్నది చూడలేదు. వియ్యంకుడు చేతులు జోడించి "ఎంత గొప్పవారండీ బావగారూ" అంటుంటే, కూతురు తల వంచుకుని నేల చూస్తోంది.

పెద్దావిడ మాత్రం ఆశ్చర్యపోలేదు. కోటు దించి ఆయన చేతిలో పెట్టింది.

"ఎవరో ఒకరు వస్తారని తెలుసు. పైకెళ్ళి ఆ మాట అనండి, ఆయన దిగుతాడు."

వియ్యంకుడికీ వియ్యపురాలికీ మోకాళ్ళ నొప్పులు. కింద మెట్ల దగ్గరే నిలబడ్డారు. మొదటి మలుపులో కూతురు తండ్రి చొక్కా పట్టుకుంది.

"ఇప్పుడైనా చెప్పెయ్ నాన్నా. నవ్వేసి ఊరుకుంటారు. వాళ్ళు మంచివాళ్ళు."

"ఇప్పుడెలాగే? ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

"మరి నా ముఖం?"

 సిగ్గుతో చెవులు మండుతున్నాయి. కూతురు చొక్కా వదిలేసి దిగిపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంటూ ఆయన ఒక్కడే పైకెక్కాడు.

పైకొచ్చేసరికి సముద్రం లేదు. అద్దాల చుట్టూ తెల్లటి పొగమంచు. కోటు చూడగానే అది తనకంటే పొడుగు మనిషిదని ఆయన కన్ను లెక్కగట్టింది. తొడిగితే మాత్రం భుజాలు, చేతులు, పొడుగు, అన్నీ కొలత తీసి కుట్టినట్టు సరిపోయాయి. జేబులో ఏదో తగిలింది. కారు తాళంచెవి. దానికి ప్లాస్టిక్ చేప వేలాడుతోంది. ఎవరో పారేసుకుని ఉంటారనుకున్నాడు.

హ్యాండిల్ పట్టుకున్నాడు. ఇనుము... వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పటిదాకా పట్టుకున్నట్టు.

కిందివాళ్ళు వింటున్నారు. అనక తప్పదు.

"నేనున్నాను. నువ్వు దిగు."

చెవి పక్కనే ఎవరో ఊపిరి వదిలారు.

"అమ్మయ్య..."

మెట్ల మీద అడుగుల చప్పుడు. మెల్లగా... దిగుతోంది. టైలర్ చెయ్యి లాక్కోబోయాడు. రాలేదు. హ్యాండిల్ తిరగడం మొదలుపెట్టింది. తిప్పుతున్నది ఆయన చెయ్యే.

"అబద్ధం!" అని అరవబోయాడు. "మా తాత దర్జీ! అబద్ధం చెప్పాను!"

గొంతు దాటి గాలి తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు కింది నుంచి ఒక గొంతు వినిపించింది. తన గొంతే. తొణకకుండా మాట్లాడుతోంది.

"బావగారూ, క్షమించాలి. నేను అబద్ధమాడాను. మా తాత దర్జీ. ఈయనెవరో నాకు తెలీదు."

 వియ్యంకుడి నవ్వు వినిపించింది. "ఓస్, ఇంతేనా? పదండి అన్నయ్యగారూ, ఇంటికెళ్దాం," అంటోంది వియ్యపురాలు. కూతురు ఏడుస్తూ నవ్వుతోంది. "నాన్నా..." చిన్నప్పుడు పిలిచినట్టు పిలిచింది. అంత ప్రేమగా పిలిచి ఎన్నేళ్ళయిందో. ఆ పిలుపు తనది కాదు. తన నోటితో అంత తేలికైన మాట తను అనలేకపోయాడు, ఇంకెవరో అన్నారు. భయం కంటే ముందు ఆ సిగ్గు ఆయన్ని నిలువునా కాల్చింది.

పొగమంచు ఒకచోట విడిపోయింది. కింద ఎండ కాస్తోంది. అచ్చం ఆయనలాగే ఉండి, ఆయన చొక్కా వేసుకున్న మనిషి ఆయన కూతురి చెయ్యి పట్టుకుని కారు దాకా నడిచాడు. ఎక్కబోతూ కూతురు తలెత్తి చూసింది.

"పైన ఎవరో ఉన్నారు నాన్నా."

"కొత్తగా చేరాడమ్మా."

"పాపం," అంది కూతురు, తలుపు వేసుకుంటూ.

వియ్యంకుడు కారు స్టార్ట్ చేశాడు. అది వెనక్కి వస్తుంటే, వెనక సీట్లోని మనిషి అద్దం దించాడు. పక్కనున్న ఆ ఉప్పు పట్టిన కారు అద్దం మీద అలవాటుగా ఒకసారి చెయ్యి వేసి నిమిరాడు. ఉప్పు చెదిరిన చోట, లోపల, కోటు జేబులోని తాళంచెవికి ఉన్నలాంటి ప్లాస్టిక్ చేపే ఇంకొకటి వేలాడుతోంది.