జంట పట్టీ

గాజు గదిలో లాబ్రడార్ కుక్క కూర్చుని ఉంది. దాని మెడకు నల్లటి కాలర్. ఇవతల కుర్చీలో పైడిరాజు. అతని ఎడమ మణికట్టుకు అదే రంగు పట్టీ.

"మీరు మామూలుగా కరెంటు ఎంత మీద పెడతారు?" అని అడిగింది డాక్టర్ హైమవతి.

"మొండి కుక్కయితే ఆరు. ఏమీ కాదు మేడమ్, చీమ కుట్టినట్టుంటుంది."

పైడిరాజు విశాఖపట్నంలో పేరున్న డాగ్ ట్రైనర్. పదిహేనేళ్లుగా ఎలక్ట్రానిక్ కాలర్‌తోనే కుక్కలకు శిక్షణ ఇస్తున్నాడు. కుక్క మాట వినకపోతే రిమోట్ నొక్కుతాడు. మెడకు కరెంటు తగులుతుంది. ఎంత పెంకి కుక్కయినా రెండు వారాల్లో దారికొస్తుంది. ఈ కాలర్లను నిషేధించాలా వద్దా అని ప్రభుత్వం కమిటీ వేస్తే, ట్రైనర్లందరూ తమ తరఫున అతన్నే పంపారు.

హైమవతి నరాల మీద పరిశోధన చేసే మనిషి. కుక్కకు ఎంత నొప్పి కలిగిందో దాని నరాల్లో నడిచే సిగ్నల్‌ని బట్టి కొలవవచ్చని ఆమె కనిపెట్టింది. కాలర్‌లోని సెన్సర్ ఆ కొలతను పట్టీకి పంపుతుంది. పట్టీ మనిషి నరాల్లో అంతే నొప్పి పుట్టిస్తుంది. కరెంటు అంతే కానక్కర్లేదు. నొప్పి మాత్రం అంతే.

"అయితే నొక్కండి" అంది.

పైడిరాజు నవ్వుతూ నొక్కాడు.

కుక్క కుయ్యిమంది. పైడిరాజు కుర్చీలోంచి కింద పడ్డాడు. కాల్చిన ఊచ మణికట్టులోంచి భుజం దాకా దూసుకుపోయినట్టయింది. రెండు సెకన్లలో తగ్గిపోయింది గానీ, మళ్లీ వస్తుందేమోనని బటన్ మీంచి వేలు తీసేశాడు. గాజు వైపు చూశాడు. కుక్క గోడకు ఒదిగిపోయి అతని చేతిలోని రిమోట్‌నే చూస్తోంది.

"ఎన్ని కుక్కలకు పెట్టానో..." అన్నాడు లేవకుండానే. హైమవతి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

కమిటీ ముందు అతను ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తోటి ట్రైనర్లు తిట్టిపోశారు. హైమవతి మాత్రం నిషేధం అక్కర్లేదని వాదించింది. "జంట పట్టీ తప్పనిసరి చేయండి చాలు. తన చెయ్యి కాలుతుంటే ఎవరు నొక్కుతారండీ?" అంది. చట్టం వచ్చింది. పట్టీ కింద మనిషి నాడి కొట్టుకుంటుంటేనే రిమోట్ పనిచేస్తుంది.

కొన్నాళ్లు నగరంలో కాలర్లు అటకెక్కాయి. పైడిరాజు ఉడికించిన చికెన్ ముక్కలు జేబులో వేసుకుని, పని మళ్లీ మొదట్నుంచీ నేర్చుకున్నాడు. కుక్కలు తనను చూసి తోకాడించడం అతనికి కొత్తగా ఉండేది.

ఒకరోజు పొద్దున్నే రుషికొండ విల్లా నుంచి సుభద్రగారు ఫోన్ చేసింది. వాళ్ల డాబర్‌మ్యాన్ సుల్తాన్ తిండి మానేసిందట.

వెళ్లేసరికి సుల్తాన్ హాల్లో చాప మీద రాయిలా కూర్చుని ఉంది. మెడకు కాలర్. సోఫాలో ఉన్న సుభద్రగారి చేతులకు గాజులే తప్ప పట్టీ లేదు. పైడిరాజు చూస్తుండగానే ఆమె రిమోట్ నొక్కింది. సుల్తాన్ ఒళ్లంతా ముడుచుకుని మూలిగింది. అదే క్షణంలో వంటింట్లో స్టీలు గ్లాసు కింద పడింది.

"ఏం తప్పు చేసిందండీ అది? కదలను కూడా లేదు!"

"దాన్నెవరన్నారు? టీ చెప్పి పది నిమిషాలైంది."

పైడిరాజు వంటింట్లోకి పరిగెత్తాడు. పనిమనిషి అప్పలకొండ ఒలికిన టీ తుడుస్తోంది. ఆమె మణికట్టుకు పట్టీ ఉంది.

"ఇది నీకెందుకేశారు?"

"పట్టీ మనిషి చేతికుండాలని చట్టంలో ఉందంట గానీ, ఏ మనిషికో లేదంటన్నా. మొదట్లో కుక్క అరిస్తేనే నొక్కేవోరు. ఇప్పుడు నన్ను పిలవాలన్నా అదే."

"తీసి పారెయ్."

"జీతం పెంచింది దీనికే. నాను తీస్తే పక్క వీధిలో ఇంకో మనిషి సిద్ధంగా ఉందంట."

పైడిరాజు అక్కడి నుంచే హైమవతికి ఫోన్ చేసి సంగతి చెప్పాడు. "నాకు తట్టలేదు పైడిరాజుగారూ. ఇలా కూడా చేస్తారని నాకు తట్టనే లేదు" అందామె.

అతను హాల్లోకి వచ్చి సుల్తాన్ మెడలోంచి కాలర్ విప్పి టీపాయ్ మీద పెట్టాడు. సుభద్రగారు అరుస్తున్నా వినకుండా కుక్కను వెంటబెట్టుకుని బయటికి నడిచాడు. గేటు దాటి నాలుగడుగులు వేశాక సుల్తాన్ అతని జేబు వాసన చూసి, చికెన్ ముక్క అందుకుంది.

సాయంత్రానికి పోలీసులు వచ్చారు. కుక్కను దొంగిలించాడని కేసు. కేసు తేలేదాకా సుల్తాన్‌ను జంతువుల షెల్టర్‌లో పెట్టారు. పైడిరాజుకు మూడో రోజు బెయిల్ దొరికింది.

స్టేషన్ బయట అప్పలకొండ నిలబడి ఉంది. కృతజ్ఞత చెప్పడానికి వచ్చిందనుకున్నాడతను.

"కుక్క లేదు గనక పట్టీ అక్కర్లేదన్నారన్నా. పట్టీ అక్కర్లేనప్పుడు నాకంత జీతం ఎందుకన్నారు. పాత జీతానికి మిషను వస్తాదంట, గిన్నెలు అదే తోముతాదంట. నన్ను మానెయ్యమన్నారు."

"తప్పు నాదేనమ్మా" అన్నాడు పైడిరాజు తల దించుకుని.

"తప్పుల సంగతి తరవాత. నీకు శానా ఇళ్లు తెలుసు గదా." ఆమె కమిలిన మణికట్టును కొంగు కిందికి లాక్కుంది. "చిన్న కుక్కున్న ఇల్లేదన్నా చూసిపెట్టన్నా. చిన్న కుక్కయితే తక్కువలో పెడతారంట."